వంకాయ రంగు కెంపు

అచ్చిబాబు భీమవరం నుంచి దాదాపు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. జేబులో కాగితంలో చుట్టిన చీర పేలిక ఒకటుంది. అదీ దొరక్కపోతేనే బాగుండేదని బస్సులో కూర్చున్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాడు.

పోలీసు ఉద్యోగం వదిలేసి రాజమండ్రిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక అతనికి వచ్చినవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. మనిషి ప్రాణంతో ముడిపడ్డ కేసు ఇదే మొదటిది. కోరుకొండ రోడ్డులో కృత్రిమ కెంపుల ఫ్యాక్టరీ ఒకటుంది. వాచీలకీ, చౌక నగలకీ పనికొచ్చే ఎర్రరాళ్ళని అక్కడ కొలిమిలో పెంచుతారు. వాటిని పెంచే కెమిస్టు ప్రసన్నకుమారి రెండు వారాల కింద మాయమైంది. చెప్పులూ, హ్యాండ్‌బ్యాగూ పట్టిసీమ రేవులో దొరికాయి. అంతకు ముందురోజే ఆమే, ఆమె భర్త గణేష్‌బాబూ లాంచీలో అందరి ఎదుటా గట్టిగా వాదించుకున్నారు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీరామరాజుకి అది చాలు. ఫ్యాక్టరీకి సీలు వేశాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే గణేష్‌బాబుని, పెళ్ళాన్ని గోదాట్లోకి తోసేశాడని లోపలేశాడు.

గణేష్‌బాబు తల్లి శ్యామలాంబ అచ్చిబాబు దగ్గరకొచ్చి ఏడవలేదు. "మా కోడలు బతికే ఉందండి. వెతికిపెట్టండి," అంది, అంతే.

పోలీసు స్టేషను మెట్లెక్కుతుంటేనే రైటరు ఎదురొచ్చాడు. "మీవాడు ఒప్పేసుకుంటున్నాడండి. ఇవాళ్టితో కస్టడీ సరి. కొవ్వూరు కోర్టుకి తీసుకెళ్తున్నాం. మేజిస్ట్రేటు గారి ముందు నేనే చంపానని చెప్పేస్తాట్ట."

అచ్చిబాబు గబగబా లాకప్పు దగ్గరకెళ్ళాడు.

గణేష్‌బాబు గోడకి జారబడి కూర్చున్నాడు. గడ్డం మాసింది. పెదాలు ఎండిపోయి చీలాయి.

"ఏంటండీ ఇది? చెయ్యని హత్య ఒప్పుకుంటారా?"

"చెయ్యలేదంటే నమ్మినవాడు ఎవడండీ? అడిగిందే అడుగుతున్నారు. ఓపిక అయిపోయింది. ప్రసన్న లేనప్పుడు బయటికొచ్చి మాత్రం నేనేం చెయ్యాలి?"

"ఆవిడ ఉంది. వినండి." అచ్చిబాబు జేబులోంచి చిన్న ఎర్రరాయి తీసి ఊచల మధ్య నుంచి చూపించాడు. "బజార్లో ఒక నగల షాపులో బర్మా కెంపని అమ్మారు దీన్ని. కొన్నాయన మర్నాడే తెచ్చి మొహాన కొట్టాడు. షాపులో బల్బుల కింద ఎర్రగా ఉన్నది, ఎండలోకి వెళ్తే వంకాయ రంగులోకి మారిందట."

గణేష్‌బాబు కళ్ళెత్తాడు. "వెనేడియం," అన్నాడు మెల్లగా.

"అదే. కొలిమిలో పెరిగే రాయికి సొంత రంగంటూ లేదని, శుద్ధంగా ఉంటే గాజులా ఉంటుందని హారతి చెప్పింది." హారతి ప్రసన్నకుమారి కింద పనిచేసే అసిస్టెంటు. "రవ్వంత క్రోమియం పడితే ఎరుపు. దానికి వెనేడియం తోడైతే బల్బు కింద ఎరుపు, ఎండలో వంకాయ రంగు. మీ ఆవిడ మాయమయ్యే ముందురోజే ఫ్యాక్టరీకి మొదటిసారి వెనేడియం సీసా వచ్చింది. సీలు కూడా విప్పలేదు. ఆవిడతోపాటే అదీ పోయింది. అంటే ఈ రాయి ఆవిడ మాయమయ్యాక పెరిగింది. ఆవిడే పెంచింది. మూసిన గదిలో, బల్బు కింద పనిచేయిస్తున్నారు. వాళ్ళ కళ్ళకి ఎర్రగానే కనబడుతుంది. ఎండలోకి వెళ్ళాక బయటపడాలని కావాలనే కలుపుతోంది."

"పెద్దిరాజు," అన్నాడు గణేష్‌బాబు. పెద్దిరాజు ఫ్యాక్టరీ యజమాని. రొయ్యల చెరువులు జబ్బుతో ఎత్తిపోయాక ఈ వ్యాపారంలోకి దిగిన మనిషి. "ఇవే రాళ్ళని బర్మా కెంపుల్లా ఉండేట్టు చేసిమ్మన్నాడు. పోలీసుల దగ్గరికి వెళ్దామని నేను, సాక్ష్యం దొరకనిమ్మని తను. లాంచీలో మేం కొట్లాడుకుంది దాని గురించేనండి. ఎన్నిసార్లు చెప్పినా సి.ఐ. శ్రీరామరాజు గారు రాసుకోరు."

"హారతి ఇంకో మాట చెప్పింది. ఈ రాయిని నల్లదీపం, అదే అల్ట్రావయొలెట్ లైటు, కింద పెడితే ఫ్యాక్టరీ రాళ్ళలా నిప్పులా వెలగట్లేదు. ఇనుం కలిస్తే ఆ వెలుగు చచ్చిపోతుందట. అంటే రాళ్ళపొడి తయారుచేసే పటికని డిస్టిల్డ్ వాటర్లో కాకుండా బోరు నీళ్ళలో కరిగించారు. భీమవరంలో పెద్దిరాజు మూసేసిన రొయ్యపిల్లల హేచరీలో తుప్పు నీళ్ళ బోరుంది. నిన్న అక్కడికే వెళ్ళాను."

"దొరికిందా?"

అచ్చిబాబు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. "ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కొలిమి పెట్టిన గుర్తులున్నాయి, నేల మీద పటిక పొడి ఉంది. ఇది కూడా ఉంది. ఆవిడదేనా కాదా, అది ఒక్కటి చెప్పండి."

ఆకుపచ్చ చీర కొంగు ముక్క. దాని నిండా గోధుమ రంగు మరక, ఎండి అట్టకట్టి ఉంది.

గణేష్‌బాబు ఊచల్లోంచి చెయ్యి చాపి దాన్ని ముట్టుకున్నాడు.

"మా అమ్మ కొన్న చీర," అన్నాడు. "ఇంత నెత్తురు పోయాక మనిషి ఉంటుందా అచ్చిబాబు గారూ?"

"నెత్తురని ఎవరు చెప్పారు? లాబ్‌కి పంపిస్తాను..."

గణేష్‌బాబు వినడం మానేశాడు. గోడవైపు తిరిగిపోయాడు. గుర్తుపట్టించడం కోసం తెచ్చిన పేలికతో ఆ మనిషిలో మిగిలిన ఆశ కాస్తా తెంపేశానని అప్పుడర్థమైంది అచ్చిబాబుకి.

"పొద్దున్నే వచ్చేశారే డిటెక్టివ్ గారు!"

శ్రీరామరాజు వరండాలో నిలబడి ఉన్నాడు. స్నానం చేసి ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. వెనకాల బెంచీ మీద హారతి కూర్చుని ఉంది. సాక్షిగా సంతకం పెట్టడానికి పిలిపించారు. సీలు వేయకముందే ఇంటికి తెచ్చుకున్న ఫ్యాక్టరీ నల్లదీపాన్ని, చిన్న పెట్టెలా ఉండేదాన్ని, అచ్చిబాబు చెప్పినందువల్ల సంచిలో పట్టుకొచ్చింది.

"రాజు గారూ, ఇవాళ కోర్టు ఆపించండి. ఆయన మనసు బాగా లేదు."

"నేరం చేసినవాడికి మనసు ఎలా బాగుంటుందండీ? మీరు పెళ్ళి సంబంధాలు చూసుకోండి. రాయి చూసి మనిషి బతికుందని చెప్పడమేంటి? జాతకాలు కూడా చెబుతారా?"

"రాయి కాదండి, రాయిలో కలిసింది చూసి చెబుతున్నాను."

"ఎవడో సీసా కొట్టేశాడు, ఎవడో వండుకుంటున్నాడు. అంతమాత్రాన..." శ్రీరామరాజు చెయ్యి విసిరాడు. పొద్దుటి ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. ఆ చేతి ఉంగరం మీద వెలుగు పడింది.

వంకాయ రంగు రాయి.

అచ్చిబాబు మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "లోపల మాట్లాడుకుందాం రండి," అని సి.ఐ. గదిలోకి నడిచాడు. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి, బల్బు వెలుగుతోంది. శ్రీరామరాజు టేబులు మీద చెయ్యి పెట్టాడు. ఉంగరంలో రాయి ఎర్రగా మెరుస్తోంది.

"ఉంగరం బాగుందండి. కొత్తదా?"

"మొన్న మా బావమరిది పెట్టాడు. బర్మా కెంపు. ఈ వారమే సరుకు దిగిందని పెద్దిరాజు గారు ఇప్పించారట. ఏం?"

"ఒక్కసారి తీసి ఇవ్వండి."

"దేనికి?"

"వరండాలోకి వెళ్ళి మీరే చూసుకోండి. తర్వాత ఇద్దురు గాని."

శ్రీరామరాజు అతన్ని ఎగాదిగా చూశాడు. లేచి వెళ్ళాడు. ఎండలో నిలబడి చెయ్యి అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ గదిలోకొచ్చి బల్బు కింద పెట్టాడు. మళ్ళీ బయటికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహం కందిపోయింది.

"నన్ను ఇందులోకి లాగాలని చూస్తున్నారా మీరు?"

"లాగింది నేను కాదండి, ఉంగరం పెట్టినవాళ్ళు. మీ మీద నాకేం అనుమానం లేదు. ఉంటే అడిగేవాణ్ణే కాదు."

శ్రీరామరాజు పళ్ళు కొరుక్కుంటూ ఉంగరం తీసి టేబులు మీద పడేశాడు. అచ్చిబాబు హారతిని పిలిచాడు.

సన్నగా, పొడుగ్గా ఉంటుందా అమ్మాయి. కళ్ళజోడు. ఉంగరం చూడగానే ఒకసారి తలుపు వైపు చూసింది. బల్బు ఆర్పేశారు. నల్లదీపం పెట్టెలో ఉంగరం పెట్టి, పై కంతకి కళ్ళు ఆనించినట్టే ఆనించి, వెంటనే తలెత్తింది.

"ఇదీ అలాంటిదేనండి. వెలగట్లేదు. బోరు నీళ్ళే."

"సరిగ్గా చూడమ్మా."

మళ్ళీ వంగింది. ఈసారి పెట్టెకి కాస్త ఎడంగా ఉంది. ఆమె కళ్ళద్దాల్లో రెండు ఎర్రటి చుక్కలు రాజుకోవడం చీకట్లో అచ్చిబాబుకి స్పష్టంగా కనబడింది.

"లేదండి. ఇనుం ఉంది," అంది హారతి.

అచ్చిబాబు ఆమెని పక్కకి జరిపి తనే చూశాడు. తర్వాత శ్రీరామరాజుని చూడమన్నాడు. పెట్టెలో ఉంగరం నిప్పుకణికలా మండుతోంది.

"దీన్లో ఇనుం లేదండి రాజు గారూ. మొదటి రాయిలో ఉంది, ఇందులో లేదు. మందకొడి రాళ్ళు బేరం పోలేదు. అందుకని మంచి నీళ్ళున్నచోటికి మార్చారు. కొలిమీ, డిస్టిల్డ్ వాటరు బట్టీ రెండూ ఒకేచోట ఎక్కడుంటాయి?"

"ఫ్యాక్టరీలో." శ్రీరామరాజు తల అడ్డంగా ఊపాడు. "కుదరదు. దానికి నా సీలుంది. లక్క మీద నా ముద్ర ఉంది."

"మీ ముద్ర ఉన్నచోట ఎవరైనా వెతుకుతారా?"

హారతి గోడ పట్టుకుని కిందికి జారింది.

"ఎందుకు అబద్ధం చెప్పావమ్మా?" అన్నాడు అచ్చిబాబు.

"మేడం లేకుండా పెంచమన్నారండి మొదట పెద్దిరాజు గారు. నా చేత అవ్వలేదు. నేను పెంచినవన్నీ పగిలిపోయాయి. అప్పుడు ఆవిణ్ణి తీసుకెళ్ళారు. చెప్పులూ, బ్యాగూ వాళ్ళే రేవులో పెట్టారు. ఈ లాటు అయిపోతే వదిలేస్తామన్నారు. నోరు విప్పితే మా తమ్ముణ్ణి..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

"మరి నిన్న బోరు సంగతి ఎందుకు చెప్పావు?"

"అప్పటికే అక్కణ్ణుంచి తెచ్చేశారండి."

బయట వ్యాను స్టార్టయిన చప్పుడు. అచ్చిబాబు పరుగెత్తాడు. గణేష్‌బాబుని ఎక్కించేశారు. బేడీలు లేవు, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకుని కూర్చున్నాడు. "ఆపండి! గణేష్‌బాబు గారూ!" అని అరిచాడు అచ్చిబాబు. ఆ మనిషి తలెత్తలేదు. వ్యాను గేటు దాటిపోయింది.

"వెనక్కి పిలవండి!"

"కోర్టు టైము దాటితే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు శ్రీరామరాజు. "ముందు చూద్దాం పదండి. మీరన్నది నిజమైతే కొవ్వూరు చేరేలోపు వైర్‌లెస్‌లో చెబుతాను. అబద్ధమైతే మిమ్మల్ని కూడా లోపలేస్తాను."

ఫ్యాక్టరీ ముందు తలుపు మీద లక్క చెక్కు చెదరలేదు. శ్రీరామరాజు దాన్ని గోటితో గీకి చూసి, చూశారా అన్నట్టు తిరిగాడు. అచ్చిబాబు ఆగకుండా గోడ వెంబడి వెనక్కి నడిచాడు. గ్యాసు సిలిండర్లు దింపుకునే షట్టరుంది అక్కడ. దానికి సీలు లేదు. తాళం కొత్తది. షట్టరు కింది చట్రానికి తాజాగా గ్రీజు రాసి ఉంది.

"ఇది లోపలి నుంచి మూసేశామని పెద్దిరాజు గారు చెప్పారు," అన్నాడు శ్రీరామరాజు. గొంతు తగ్గింది.

"చూశారా మీరు?"

సి.ఐ. కానిస్టేబులుకి సైగ చేశాడు. కానిస్టేబులు ఇనపకడ్డీతో తాళం విరగ్గొట్టాడు. షట్టరు సగం లేవగానే లోపలి నుంచి ఒకడు దూసుకొచ్చి, కానిస్టేబుల్ని తోసేసి గోడ దూకబోయాడు. శ్రీరామరాజు వాడి కాలర్ పట్టుకుని నేలకేసి కొట్టాడు.

అచ్చిబాబు లోపలికెళ్ళాడు.

కిటికీలకి నల్లగుడ్డ కొట్టి ఉంది. ఒకే బల్బు. మూల బట్టీలోంచి సీసాలోకి నీటిచుక్కలు పడుతున్నాయి. బకెట్టు మూతికి ఒక గుడ్డ కట్టి పటిక నీళ్ళు వడగడుతున్నారు. అదే ఆకుపచ్చ చీర, ఇంకో ముక్క. ఇక్కడి నీళ్ళు మంచివి కాబట్టి గుడ్డ మీద మరక లేదు.

అచ్చిబాబు అక్కడే నిలబడిపోయాడు. హేచరీలో దొరికిన పేలిక కూడా వడగట్టిన గుడ్డే. ఆ గోధుమ మరక బోరు నీళ్ళ తుప్పు. నెత్తురు కాదు. దాన్ని తీసుకెళ్ళి భర్త చేతికిచ్చి చూడమన్నాడు తను.

గది చివర కొలిమి సన్నగా ఈలవేస్తూ మండుతోంది. దాని ముందు స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. నల్ల కళ్ళజోడు, చింపిరి జుట్టు, కాలికి గొలుసు. పైనుంచి పొడి రాలే గొట్టాన్ని చిన్న సుత్తితో తట్టుతూనే ఉంది. మంటలో ఆ పొడి కరిగి, చిటికెన వేలంత రాయి మీద చుక్క చుక్కగా పేరుకుంటోంది. అడుగుల చప్పుడు విన్నా ఆమె తిరగలేదు. ఎవరొచ్చినా తట్టడం ఆపితే కొడతారని అలవాటైపోయినట్టుంది.

"ప్రసన్నకుమారి గారూ," అన్నాడు అచ్చిబాబు. "శ్యామలాంబ గారు పంపించారండి."

సుత్తి ఆగింది. ఆమె కళ్ళజోడు తీసింది. పెదాలు కదిలాయి కానీ గొంతు పెగల్లేదు. పొగలకి బొంగురుపోయి పూర్తిగా పూడుకుపోయింది. అచ్చిబాబు చెవి దగ్గర పెట్టాడు.

"ఎండలో... చూశారా?"

"చూశామమ్మా."

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. వాకిట్లో నిలబడ్డ శ్రీరామరాజు టోపీ తీసేశాడు. తనే వంగి, పట్టుబడినవాడి మొలలోంచి తాళంచెవి లాక్కొచ్చి, ఆమె కాలి గొలుసు విప్పాడు.

"మీవారిని కోర్టుకి పంపానమ్మా," అన్నాడు నేల చూస్తూ. "ఇప్పుడే వెనక్కి పిలిపిస్తాను."

జీపు దగ్గరకెళ్ళి వైర్‌లెస్ అందుకున్నాడు. అతను నోరు తెరవకముందే అవతలి నుంచి కంగారు గొంతు వచ్చింది.

"సార్, మీకోసమే చూస్తున్నాం సార్. బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగింది. వాంతి వస్తోందంటే వ్యాను తలుపు తీశాం సార్. దూకేశాడు."

వైర్‌లెస్ గరగరలాడుతూనే ఉంది. "బతికే ఉన్నాడు సార్. స్తంభం మొదట్లో కడ్డీ ఒకటుంటే చేతికి తగిలి పట్టుకున్నాడు. జాలర్ల పడవలొచ్చాయి. చెయ్యందిస్తుంటే పట్టుకోవట్లేదు. పొండి, పొండి అంటున్నాడు సార్."

ప్రసన్నకుమారి అప్పటికే జీపెక్కేసింది. ఎలా నడిచిందో, ఎవరు పట్టుకున్నారో అచ్చిబాబుకి తర్వాత గుర్తులేదు. కోరుకొండ రోడ్డు పొడుగునా హారను మోగుతూనే ఉంది. శ్రీరామరాజే నడిపాడు. ఆమె కళ్ళు ఎండని తట్టుకోలేక నీళ్ళు కారుతున్నాయి. అయినా మూసుకోలేదు.

బ్రిడ్జి మీద జనం. లారీలు, బస్సులు, రెయిలింగు మీద వంగిన వందలమంది. పోలీసులు దారి చేశారు. ఆమె రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. చాలా లోతున, స్తంభాన్ని ఒరుసుకుంటూ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఆ అంచున తెల్లచొక్కా ఒకటి. చుట్టూ రెండు పడవలు. ఒక జాలరి తాడు విసురుతున్నాడు, అది నీళ్ళ మీద తేలిపోతోంది.

"పిలవండమ్మా," అన్నాడు అచ్చిబాబు. "మీ గొంతు విన్నా చాలు."

ఆమె నోరు తెరిచింది. మెడనరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పక్కన నిలబడ్డవాళ్ళకే వినబడలేదు.

శ్రీరామరాజు జీపు మీది లౌడ్‌స్పీకరు మైకు తీగ సాగదీసి తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. మీట నొక్కి పట్టుకున్నాడు.

"గణేష్," అంది. గరగరమనే ఆ పిలుపు బ్రిడ్జి పొడుగునా మోగి నీళ్ళ మీదికి దిగింది. "గణేష్, నేను. అది నెత్తురు కాదు. నేను బాగానే ఉన్నాను. తాడు పట్టుకో."

ఆ తుప్పు మరక సంగతి దారిలో అచ్చిబాబే చెప్పాడు ఆమెకి.

కింద తెల్లచొక్కా కదిలింది. తల పైకి లేచింది. ఎండకి కళ్ళు చిట్లించి, ఆ ఎత్తు మీద వరసగా వంగిన మొహాల్లో ఒక మొహం కోసం వెతికాడు. ఆమె చెయ్యి ఊపింది. చూశాడు. అచ్చిబాబుకి అంత దూరం నుంచీ తెలిసింది చూశాడని.

తాడు మళ్ళీ విసిరారు. గణేష్‌బాబు దాని కోసం కడ్డీ వదిలి చెయ్యి చాపాడు. అంతసేపు చల్లటి నీళ్ళలో బిగుసుకుపోయిన వేళ్ళు తాడుని మూసి పట్టుకోలేకపోయాయి. తాడు జారింది. సుడి అతన్ని స్తంభం చాటుకి లాక్కెళ్ళింది.

ఇద్దరు జాలర్లు ఒకేసారి దూకారు. పడవలు దిగువకి తిరిగాయి. రెయిలింగు పట్టుకున్న జనమంతా అటువైపు పరుగెత్తారు.

ప్రసన్నకుమారి పరుగెత్తలేదు. శ్రీరామరాజు చేతుల్లోంచి మైకు లాక్కుని, మీట తనే నొక్కి పట్టుకుని, పోయిన గొంతుతో భర్త పేరు పిలుస్తూనే ఉంది.